శుక్రుడు, బలి, నా ఎథిక్స్ పేపర్

సివిల్స్ మెయిన్స్‌లో జీఎస్-4 అంటే ఎథిక్స్, 250 మార్కులు, మూడు గంటలు. దానికి పెద్దగా చదవక్కర్లేదు, ఇంగితం ఉంటే చాలు అని హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్‌నగర్‌లో అందరూ అంటుంటే నేనూ నమ్మేసి చివరికి నెట్టేశా. తత్వవేత్తల్లో కాంట్‌కి ఒక పేజీ, బెంథామ్‌కీ మిల్‌కీ కలిపి ఒక పేజీ నోట్స్. కాంట్ కర్తవ్యం చూస్తాడు, వీళ్లిద్దరూ ఫలితం చూస్తారు, అంతే.

టెస్ట్ సిరీస్‌లో ఈ రెండు చూపులనీ ఉదాహరణతో పోల్చమని 10 మార్కుల ప్రశ్న వచ్చింది. ఐదుగురిని కాపాడ్డానికి బండిని ఒక్కడి మీదికి మళ్లించొచ్చా అనే ట్రాలీ కథే అందరూ రాస్తారు కదా అని నేను పోతన భాగవతంలో వామన ఘట్టం ఎత్తుకున్నా. ప్రాణం, మానం పోయేచోట బొంకినా పాపం లేదన్న శుక్రాచార్యుడు ఫలితం చూసే ఉపయోగితావాది, ఆడిన మాట తప్పనన్న బలి కాంట్ మనిషి. రాసి మురిసిపోయా. రెండున్నర వచ్చింది. పక్కన ఎర్ర పెన్నుతో రెండు ప్రశ్నలు: "శుక్రుడు ఎవరి మేలు లెక్కేశాడు? బలి ఎందుకిచ్చాడు?"

రెండు రోజులు ఒళ్లు మండింది. తర్వాత తీరిగ్గా చూస్తే నిజమే. బెంథామ్ లెక్కలో రాజైనా కూలీ అయినా ఒక మనిషికి ఒకటే, లెక్కేసేవాడికి అదనపు వాటా ఏమీ ఉండదు. శుక్రుడు చూసింది తన శిష్యుడి నష్టమే, స్వర్గం పోగొట్టుకున్న దేవతలు ఆ లెక్కలోకే రాలేదు. దాన్ని మన భాషలో లౌక్యం అంటారు. ఇక బలేమో, శిబి లాంటివాళ్లు కీర్తి కోరి ఇవ్వలేదా, వాళ్లని లోకం మరిచిందా అంటాడు. కీర్తి కోసమైతే కాంట్ దగ్గర మార్కులు పడవు! 1785 నాటి పుస్తకంలో ఆయన కొట్టువాడి ఉదాహరణ ఇదే: చిన్నపిల్లాడొచ్చినా సరైన ధరే చెబుతాడు సరే, గిరాకీ పోతుందని చెబుతున్నాడా, అలా చెప్పడమే ధర్మమనా? అయితే అదే బలి, నరకమొచ్చినా వంశం పోయినా నా నాలుక తిరగదు అని కూడా అంటాడు. నేను రాయాల్సింది ఆ ముక్క.

కేస్ స్టడీల దగ్గర ఇంకో తిప్పలు. వరదలో పట్నాన్ని కాపాడాలంటే గట్టుకి గండి కొట్టాలి, కొడితే చిన్న ఊరు మునుగుతుంది, నువ్వు ఆర్డీవో, ఏం చేస్తావు? ఊళ్లోవాళ్లని, గొడ్లని ముందే తరలించి, పరిహారం కాగితం మీద పెట్టి, అప్పుడు గండి అని రాశా. లెక్క మిల్‌ది, మనిషిని వట్టి పనిముట్టుగా వాడొద్దన్న జాగ్రత్త కాంట్‌ది. బాగా కుదిరిందని ఆ రాత్రి అమ్మకి ఫోన్లో చదివి వినిపించా. మా ఇల్లు కాలవగట్టు పక్కనే.

అంతా విని, "ఆ ఊరివాళ్లని అడిగావా, చెప్పావా?" అంది.

జవాబు మళ్లీ చూసుకున్నా. చెప్పినట్టే ఉంది.