ఒకే ఇంట్లో రెండు లెక్కల పది ఆజ్ఞలు

నాన్నది ఫిరంగిపురం వైపు ఆర్‌సీఎం (రోమన్ కతోలిక), అమ్మది ఒంగోలు వైపు బాప్టిస్టు. బెంగళూరులో ఇలాంటి తెలుగు ఇళ్లు తక్కువేం కాదు. ఊళ్లో అయితే ఎవరి చర్చి వాళ్లది, ఎవరి పెద్దలు వాళ్లకు. ఇక్కడ రెండూ ఒకే ఫ్లాట్లోకి వచ్చేస్తాయి. అయినా చిక్కు పెళ్లినాడు బయటపడదు. పిల్ల మూడో తరగతో నాలుగో తరగతో చదువుతూ, క్యాటకిజం (కతోలిక మతబోధ) క్లాసులో, ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకునే ముందు చూసుకోమని ఇచ్చిన ఆత్మపరిశోధన కాగితం ఇంటికి తెచ్చిన ఆదివారం బయటపడుతుంది.

కాగితం మీద ఇలా ఉంటుంది: ‘నాలుగో ఆజ్ఞ. అమ్మానాన్నలకు ఎదురు చెప్పానా?’ అమ్మ చూసి, తల్లిదండ్రులది ఐదో ఆజ్ఞ కదా, నాలుగోది విశ్రాంతి దినం కదా అంటుంది. అచ్చుతప్పు అనుకుని పెన్ను తీసి దిద్దే అమ్మలూ ఉంటారు. దిద్దకండి. నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఆజ్ఞలకు నంబర్లు లేవు, పది అన్న లెక్క మాత్రమే మనకు తెలుసు. విగ్రహాలు చేసుకోవద్దన్న మాటను కతోలికులు మొదటి ఆజ్ఞలోనే కలిపి, చివరి ‘ఆశింపకుము’ను రెండుగా విడదీస్తారు. బాప్టిస్టులు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు విగ్రహాల మాటను రెండో ఆజ్ఞగా లెక్కపెట్టి, ఆశించడాన్ని ఒక్కటిగా ఉంచుతారు. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ కతోలికుల లెక్కనే ఉంచేశాడు కాబట్టి అమ్మది గుంటూరు లూథరన్ కుటుంబమైతే ఈ గొడవే రాదు. ‘వాళ్లు రెండో ఆజ్ఞను తీసేశారు’ అని సండే స్కూల్లో పిల్లలు వినే మాట నిజం కాదు. కతోలిక బైబిల్లో ఆ వాక్యం ఉంది. క్యాటకిజంలో బట్టీకి ఇచ్చే పొట్టి పాఠంలో అది కనబడదు, అనుమానం అక్కడ పుట్టింది. ఆరో ఆజ్ఞ దగ్గర మరీ జాగ్రత్త: ఒక లెక్కలో అది వ్యభిచారం, ఇంకో లెక్కలో నరహత్య. తమ్ముణ్ని కొట్టినందుకు ‘ఆరో ఆజ్ఞ మీరాను ఫాదర్’ అని తొమ్మిదేళ్ల పిల్ల చెబితే అవతల కూర్చున్న ఆయన ఉలిక్కిపడతాడు. పిల్లలకు నంబరు కాదు, చేసిన పని చెప్పడం నేర్పితే సరి.

ఇక మాటల తికమక. తెలుగు కతోలికుల ‘పాపసంకీర్తనం’ విని, అన్నమయ్య సంకీర్తనలు నేర్చుకునే పిల్ల ‘పాపాలు పాడాలా?’ అని అడిగితే నవ్వి ఊరుకోకూడదు. ఇక్కడ సంకీర్తనం అంటే నోరు తెరిచి చెప్పడం. తమిళ పూజలో అదే మాట ‘పావసంగీర్తనం’గా వినిపిస్తుంది, కన్నడంలో ‘పాపనివేదనె’, స్కూల్లో ‘కన్ఫెషన్’. అమ్మ వైపు వాళ్లది ‘పాపపు ఒప్పుకోలు’. నాన్న ‘పితపుత్ర పవిత్రాత్మ నామమున’ అంటే అమ్మమ్మ ‘పరిశుద్ధాత్మ’ అంటుంది. ఆత్మ ఒక్కటేనని ఒకసారి చెబితే చాలు.

అసలు జరిగేది ఏమిటో పిల్లకు ముందే చూపించాలి. చేసినవి గుర్తు చేసుకోవడం, మనసులో బాధపడటం, మళ్లీ చేయకూడదని అనుకోవడం, చెప్పడం, ఫాదర్ ఇచ్చిన ప్రాయశ్చిత్తం చేయడం: ఇవి ఐదు. లోపలికి వెళ్లాక సిలువ గుర్తు వేసుకుని, పోయినసారి ఎప్పుడు వచ్చిందో చెప్పాలి, లేదా ఇదే మొదటిసారి అనాలి. తర్వాత తప్పులు, ఆయన చెప్పే నాలుగు మాటలు, మనస్తాప జపం, పాపవిమోచన వాక్యం. ప్రాయశ్చిత్తం పిల్లలకు మామూలుగా ఒక పరలోక జపమో, మూడు మంగళవార్త జపాలో. మొత్తం ఐదు నిమిషాలు పట్టదు.

చెడేది ఈ ఐదు నిమిషాల్లో కాదు, ముందూ వెనకా. పక్కపిల్ల జాబితా కాపీ కొట్టడం ఒకటి. చెప్పడానికేమీ లేదని భయపడి చేయని తప్పులు కల్పించడం ఇంకొకటి, ఇది చాలామంది పిల్లలు చేస్తారు. అన్నిటికంటే చెడ్డది మనం చేసేదే: బయటికి రాగానే ‘ఏం చెప్పావ్?’ అని అడగడం. అడగకండి, సరదాకైనా వద్దు. భాష సంగతికొస్తే, తెలుగులోనే చెప్పాలన్న నియమం లేదు. బెంగళూరులో పుట్టిన పిల్లకు ఇంగ్లిషో కన్నడమో నోటికొస్తే అందులోనే చెప్పనివ్వాలి. ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది కూడా చెప్పుకునేవాళ్ల ఇష్టమే (కతోలిక చర్చి చట్టం, 991వ కానన్). పారిష్ ఫాదర్‌కు మొహం చూపించడానికి సిగ్గైతే శివాజీనగర్ బసిలికాకో, వివేక్‌నగర్ బాలయేసు చర్చికో తీసుకెళ్లవచ్చు.

రహస్యం విషయం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. విన్నది బయటపెట్టకూడదన్న బంధం ఫాదర్‌ది. తెలిసి బయటపెడితే ఆయనకు తక్షణం వెలి పడుతుంది, అమ్మానాన్నలకు చెప్పినా అంతే. చెప్పుకున్న పిల్లకు మాత్రం ఏ కట్టూ లేదు. లోపల ఫాదర్ ఏమన్నారో, ఏదైనా ఇబ్బంది కలిగిందో అమ్మకు చెప్పే స్వేచ్ఛ పూర్తిగా ఉంది. ఈ ముక్క ‘ఏం చెప్పావ్?’కు విరుద్ధంగా కనిపిస్తుంది కానీ కాదు: మనం అడగం, తనకు చెప్పాలనిపిస్తే వింటాం. పాపసంకీర్తనపు గూడు అందరికీ కనిపించే చోట ఉండాలని, మధ్య జాలీ ఉండాలని శ్రీసభ (కతోలిక చర్చి) నియమమే ఉంది (964వ కానన్). మూసిన గదిలోకి ఒంటరిగా పిలిస్తే ‘మా అమ్మ ఉంది, ఇక్కడే చెబుతా’ అనడం నేర్పండి. కేరళలో ఒక కేసు తర్వాత 2018లో జాతీయ మహిళా కమిషన్ అధ్యక్షురాలు పాపసంకీర్తనాన్నే ఎత్తేయాలని సిఫారసు చేశారు, కతోలిక బిషప్పులు ఒప్పుకోలేదు. ఎత్తేయడం అతి అనిపిస్తుంది. కానీ జాలీ ఉన్న గూడు, బయట కూర్చున్న తల్లి, పిల్లల సహాయానికున్న 1098 నంబరు తెలిసిన పిల్ల ఉండటం అతి కాదు.

‘ఫాదర్ ఎవరు క్షమించడానికి? నేరుగా దేవుణ్నే అడగొచ్చుగా?’ అన్నది అమ్మ వైపు నుంచి వచ్చే ప్రశ్న. కతోలికులు కూడా క్షమించేది దేవుడేనంటారు. అయితే ‘మీరు ఎవరి పాపములు క్షమించిన అవి క్షమింపబడును’ అని పునరుత్థానం తర్వాత యేసు శిష్యులతో అన్న మాటను (యోహాను 20) వాళ్లు ఒక అధికారంగా, ఇప్పటి గురువుల (ఫాదర్ల) దాకా వచ్చిందిగా చదువుతారు. బాప్టిస్టులు అదే వాక్యాన్ని సువార్త ప్రకటించే పనిగా చదువుతారు. తమ పక్షాన 1 యోహాను 1:9 చూపిస్తారు: ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడు, మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని కూడా అంటారు (1 తిమోతి 2:5). ఏడాదికి ఒకసారైనా చెప్పుకోవాలన్న నియమం 1215 లాటరన్ మహాసభది. ఇప్పటి కానన్ చట్టం దాన్ని ఘోర పాపాలకు చెబుతుంది.

ప్రొటెస్టెంట్లంతా ఒకే మాట మీద లేరని కూడా పిల్లకు తెలియాలి. లూథర్ వ్యక్తిగత ఒప్పుకోలును తీసేయలేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు (లూథరన్ల విశ్వాస ప్రకటన) 11వ అంశం దాన్ని ఉంచమనే చెబుతుంది, పాపాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదంటుంది. సీఎస్ఐ ఆరాధనలో సభంతా కలిసి ఒప్పుకోలు చదువుతుంది, ప్రెస్బిటర్ (పాస్టరు) క్షమాపణ వాక్యం పలుకుతారు. బాప్టిస్టుల్లో అది మోకాళ్ల ప్రార్థనలో జరుగుతుంది. తోటివాడి మీద తప్పు చేస్తే ముందు వాడి దగ్గరికే వెళ్లాలి (మత్తయి 5). తమ్ముడి పెన్సిల్ బాక్సు విరగ్గొట్టిన పిల్లకు ఈ చివరిది చాలా పనికొస్తుంది, పాపసంకీర్తనం చేసి వచ్చినా సరే.

అధికారం దగ్గర పిల్లలకు పోప్‌గారి మీదే పేచీ. ‘పోప్ తప్పు చేయడట కదా’ అంటారు. 1870లో ప్రకటించినది అది కాదు: విశ్వాసం, నీతి విషయాల్లో శ్రీసభ మొత్తానికి పేతురు పీఠం నుంచి కట్టుబాటుగా ప్రకటించినప్పుడు పొరపడరని. ఆ తర్వాత అలా జరిగింది 1950లో, మరియమాత పరలోకానికి ఎత్తబడిన విషయంలో. పోప్‌గారికీ పాపసంకీర్తనం తప్పదు. 2014 మార్చి 28న సెయింట్ పీటర్స్‌లో పోప్ ఫ్రాన్సిస్ అందరి ముందే ఒక మామూలు గురువు దగ్గర మోకరించారు. ఆ ఫోటో చూపిస్తే పదినిమిషాల పాఠం తప్పుతుంది. అవతలి వైపు ‘ఎవరికి వాళ్లే పోప్’ అన్న వెక్కిరింపూ తప్పే. బైబిలే చివరి ప్రమాణం అనడం, పెద్దలు అక్కర్లేదనడం ఒకటి కాదు. సీఎస్ఐకి సినాడ్ (పాలక సభ), బిషప్పులు ఉన్నారు. బాప్టిస్టు సంఘంలో నిర్ణయం స్థానిక సభ్యులది. బైబిల్ క్విజ్‌లో మాత్రం ప్రశ్న ఎవరు పెడుతున్నారో చూసుకోమనండి: పుస్తకాలు ఒకచోట 66, ఇంకోచోట 73. తోబీతు, యూదితు, మక్కబీయులు లాంటి ఏడు పుస్తకాల తేడా అది.

తేలకుండా మిగిలేది బాప్తిస్మం. నీళ్లతో, త్రిత్వ నామంలో ఇచ్చినదైతే కతోలికులు అమ్మ బాప్తిస్మాన్ని ఒప్పుకుంటారు, మళ్లీ ఇవ్వరు. కానీ పిల్లకు నెలల వయసులో జరిగిన జ్ఞానస్నానాన్ని (కతోలికుల మాటలో బాప్తిస్మం) బాప్టిస్టు సంఘం బాప్తిస్మంగా లెక్కించదు. వేసవి సెలవులకు ఊరెళ్లినప్పుడు ‘నువ్వెప్పుడు నీళ్లలో దిగుతావమ్మా?’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. బస్సెక్కక ముందే జవాబు అనుకుని ఉండండి. ‘పెద్దయ్యాక నేనే చెబుతా’ అంటే తాతయ్య ఇంకేమీ అనలేడు, ఎందుకంటే బాప్టిస్టుల సిద్ధాంతమూ అదే.