పుస్తకానికి టీబీ అంటదు

పరీక్షల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గళ్ల (కఫం) పరీక్షకిచ్చాను, ఎక్స్‌రే తీశారు, ఊపిరితిత్తుల టీబీ అన్నారు. రెండు నెలలు నాలుగు మందులు, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు. మాత్రల లెక్క బరువును బట్టి. నాకు రోజుకు నాలుగు, పరగడుపున. మూత్రం నారింజ రంగుకు మారితే బెదరొద్దు, అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ పని. కళ్లు పచ్చబడినా, అన్నం సయించక వాంతులవుతున్నా మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి.

చదివే అలవాటున్నవాళ్లు కనిపెట్టుకోవాల్సింది వాటిలోదే ఇథాంబుటాల్ అనే ఇంకో మందును. అది కంటి నరాన్ని దెబ్బతీస్తే ఎరుపు, ఆకుపచ్చ వెలిసినట్టు కనిపిస్తాయి, అక్షరం మసకబారుతుంది. అందుకే రోజూ ఒకే ఎర్రట్ట పుస్తకాన్ని ఒకే వెలుతురులో, ఒక్కో కన్నూ మూసి చూసుకునేవాణ్ణి. ఇది కూడా నేను వెతికి తెలుసుకున్నదే. మందులు రాసినాయన తలెత్తి నా మొహం చూస్తే కదా చెప్పడానికి! మాత్రలు వేసుకున్నానో లేదో ఫోను చేసి మరీ అడిగిన ఆశా కార్యకర్తకు మాత్రం రెండు చేతులా దండం పెడతాను.

ఆ మధ్యలో చదివినవి మూడు. రావిశాస్త్రి 'అల్పజీవి' గొప్ప నవలే, కానీ జబ్బు మనిషి చేతికి ఇవ్వొద్దు. అందులోని సుబ్బయ్య పిరికితనం పేజీ పేజీకీ మనకంటుకుంటుంది. విమర్శకుడు రారా (రాచమల్లు రామచంద్రారెడ్డి) మా కడప జిల్లావాడు. ఆయన 'అనువాద సమస్యలు' రోజుకు రెండు పేజీలు చాలు. తప్పును తప్పని మొహమాటం లేకుండా చెప్తాడు. ఉదాహరణలు కొన్నిచోట్ల విసిగిస్తాయి, బుర్ర మాత్రం తేటపడుతుంది.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చదువుతున్న రాత్రే దగ్గులో నెత్తురు పడింది. తెల్ల తువ్వాలు మీద నురగ నురగగా, ఎర్రగా. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. అలాంటప్పుడు దగ్గుమందు తాగి దగ్గును అణచకూడదు. జబ్బున్న ఊపిరితిత్తి వైపే ఒరగాలి, లేకుంటే నెత్తురు మంచి వైపుకు పోతుంది. చారలుగా పడితే పొద్దున్నే ఆసుపత్రికి; కొన్ని చెంచాలకు మించితే అప్పుడే 108కి ఫోను. నాది చెంచాడు లోపే. కుడివైపు ఒరిగి తెల్లారేదాకా మిగతా పుస్తకం చదివాను. అడవిలో పంది కోసం ఆ ముసలాయన పడే పాట్లు చూస్తుంటే వాక్యం వాక్యానికీ ఊపిరి బిగబట్టాల్సిందే. పేరొక్కటే నాకు నచ్చలేదు, కాస్త డంబంగా ఉంది. రాసినాయన డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. జనం దూరం జరగడం ఎట్లుంటుందో ఆయనకు తెలిసే ఉంటుంది.

నాకూ అదే ఎదురైంది. అరువు తెచ్చుకున్న పుస్తకం తిరిగిస్తే, "వద్దులే అన్నా, నువ్వే పెట్టుకో, ఇంట్లో పిల్లోళ్లున్నారు" అన్నాడు ఒక మిత్రుడు. టీబీ గాలిలో పాకుతుంది: దగ్గు, తుమ్ము, గాలాడని గది. కాగితం మీదుగా రాదు. మందులకు లొంగే రకమైతే సక్రమంగా వేసుకున్న రెండు వారాలకే అంటించే గుణం చాలావరకు తగ్గిపోతుంది. కిటికీ తెరిచి, మూతికి గుడ్డ కట్టుకుంటే చాలు. ఇదంతా చెప్పినా పుస్తకాన్ని చేత్తో ముట్టలేదు.

మా అమ్మ దేవుని కడపలో మొక్కుకుంది, పెద్ద దర్గాకూ పోయొచ్చింది. నయం చేసింది మాత్రలేనని ఆమెతో వాదించను.

గళ్లలో క్రిములు లేవని రిపోర్టు వచ్చాక ఆ మిత్రుడే ఫోను చేసి, ఆ పుస్తకం ఉందా అని అడిగాడు. ఉంది. ఇయ్యను.