పాత వ్యాక్యూమ్ క్లీనర్‌లో విరిగిన ప్లాస్టిక్‌ను అతికించిన అనుభవం

పదిహేనేళ్లు దాటిన మా నిలువు వ్యాక్యూమ్ క్లీనర్‌లో మోటారు ఇప్పటికీ కొత్తదానిలాగే తిరుగుతోంది. పాడైనవన్నీ ప్లాస్టిక్ భాగాలే. అడుగు పెట్టెను పట్టి ఉంచే స్క్రూ దిగే చిన్న గొట్టం నిలువునా చీలిపోయింది, దాని పక్కనే పై కప్పు మీద వేలెడు పొడవున పగులు వచ్చింది, పారదర్శకంగా ఉండే దుమ్ము డబ్బా అంచున బీట పడింది, ఆ డబ్బాను బిగించి ఉంచే గొళ్లెం కొన విరిగిపోయింది. ఆ నమూనా తయారీ ఆగిపోయినందువల్ల విడిభాగాలు దొరకలేదు. మోటారు బాగున్న యంత్రాన్ని నాలుగు ముక్కల కోసం పారవేయడానికి నాకు మనసొప్పలేదు.

మొదట సూపర్ గ్లూతో ప్రయత్నించాను. చీలిన గొట్టాన్ని అతికించి స్క్రూ బిగించగానే అది మళ్లీ అదే చోట విడిపోయింది. రెండోసారీ అంతే జరిగింది. సూపర్ గ్లూ గట్టిపడ్డాక గాజులా పెళుసుబారుతుంది కనుక, నేరుగా లాగే బలాన్ని కొంతవరకు ఓర్చుకున్నా, వంపునూ అదురునూ తట్టుకోలేదు. వ్యాక్యూమ్ క్లీనర్‌లో ప్రతి భాగానికీ తగిలేవి ఆ రెండే. పైగా ఎండిపోయిన ఆ జిగురు పొర తరువాత వేసే దేనినీ ప్లాస్టిక్‌కు అంటనివ్వదు. దానిని గీకి తీయడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది.

అలా గీకుతున్నప్పుడే కప్పు లోపలి వైపున, రెండు బాణపు గుర్తుల మధ్య, ఒక రకం గట్టి ప్లాస్టిక్‌ను సూచించే ఏబీఎస్ అనే అక్షరాలు అచ్చుపోసి ఉండటం గమనించాను. వెంటనే మిగిలిన భాగాలను కూడా తిప్పి చూడగా, డబ్బా మీద పాలీకార్బనేట్‌ను సూచించే పీసీ, గొళ్లెం మీద పాలీప్రొపిలీన్‌ను సూచించే పీపీ కనిపించాయి. ఒకే యంత్రంలో మూడు రకాల ప్లాస్టిక్‌లు ఉన్నాయన్న మాట. ఒకదానికి పనికొచ్చే జిగురు మరొకదానికి పనికిరాదు కాబట్టి, జిగురు కొనడానికి ముందే ఈ అక్షరాలను వెతకాలన్నది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట.

ఏబీఎస్ అసిటోన్ అనే ద్రావకంలో కరుగుతుంది. ఆ గుణమే మరమ్మతుకు ఆధారం, ఎందుకంటే ఇక్కడ జిగురు రెండు ముక్కల మధ్య నిలబడదు. ముక్కలే కరిగి ఒకదానిలో ఒకటి కలిసి, అసిటోన్ ఆవిరయ్యాక మళ్లీ ఒకటిగా గట్టిపడతాయి. అడుగు పెట్టె లోపల పనికిరాని చిన్న అంచును కత్తిరించి, ఆ తునకలను గాజు సీసాలో కొద్దిపాటి అసిటోన్‌లో రాత్రంతా నానబెట్టగా, తేనెలా జారే ముద్ద తయారైంది. అసిటోన్ ఆవిరి సులభంగా అంటుకుంటుంది కనుక కిటికీలన్నీ తెరిచి, దగ్గరలో మంట గానీ నిప్పురవ్వ గానీ లేకుండా చూసుకున్నాను.

పగులు చివర, అది ఇంకా ముందుకు పాకకుండా, 2 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. పగులు కొస దగ్గర బలమంతా ఒక్క బిందువు మీద పడుతుంది. గుండ్రని రంధ్రం ఆ బలాన్ని చుట్టూ పంచుతుంది. తరువాత లోపలి వైపు పగులు వెంట చిన్న గాడి గీసి, ఉప్పు కాగితంతో గరుకుచేసి, ముద్దను పలుచని పొరలుగా నింపాను. అసిటోన్ పోయేకొద్దీ ముద్ద కుంచించుకుపోతుంది కాబట్టి ఒకేసారి మందంగా వేస్తే మధ్యలో గుంట పడుతుంది, పలుచని గోడలైతే మెత్తబడి వంగిపోతాయి కూడా. రెండో పొరలో స్టీలు జాలీ ముక్కను పొదిగాను. చీలిన గొట్టాన్ని అదే ముద్దతో మూసి, చుట్టూ సన్నని రాగి తీగను దగ్గర దగ్గరగా చుట్టి, దాని మీద ఎపాక్సీ, అంటే రెండు భాగాలను కలిపి వాడే జిగురు, పూశాను. స్క్రూ దిగేటప్పుడు గొట్టాన్ని బయటికి నెట్టే ఒత్తిడిని ఇప్పుడు ఆ తీగ మోస్తోంది. ముట్టుకుంటే ఒక రోజులోనే గట్టిగా అనిపించింది గానీ, లోపలి అసిటోన్ కూడా పోవాలని మూడు రోజులు ఆగాను.

డబ్బా విషయంలో అసిటోన్ జోలికి పోలేదు. అది తగిలితే పాలీకార్బనేట్ తెల్లబారి, సన్నని పగుళ్లతో నిండిపోతుంది. అందుకని బీట రెండు వైపులా గరుకుచేసి, నెమ్మదిగా గట్టిపడే రకం ఎపాక్సీని పూసి, టేపుతో బిగించి ఒక రోజంతా కదపకుండా ఉంచాను. ఐదు నిమిషాల రకం తొందరకు బాగానే ఉంటుంది గానీ సాధారణంగా అంత బలంగా ఉండదు. అతుకు పసుపుపచ్చగా కనిపిస్తుంది. నాకు దానితో ఇబ్బంది లేదు.

గొళ్లేనికి ఏ జిగురూ వాడలేదు. మామూలు జిగుర్లేవీ పాలీప్రొపిలీన్‌కు సరిగా అంటవు. విరిగిన కొన స్థానంలో వంచిన అల్యూమినియం రేకు ముక్కను పెట్టి, రెండు చిన్న బోల్టులతో బిగించాను. నాలుగింటిలోనూ తక్కువ సమయం పట్టిన పని ఇదే.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూనూ మొదట వెనక్కి తిప్పి, అది పాత మరలోకి జారినట్టు చిన్న చప్పుడు వినిపించాకే ముందుకు తిప్పాను. అలా చేయకపోతే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుపోయి, బాగుచేసిన గొట్టమే మళ్లీ చీలుతుంది. చివరగా చీకటి గదిలో డబ్బా లోపల టార్చి పెట్టి మూత బిగించి చూస్తే, గొళ్లెం వైపు అంచు నుంచి సన్నని వెలుగు గీత బయటపడింది. గాలి లాగే బలం అక్కడే పోతోందని అర్థమై, రేకును మరి కాస్త లోపలికి వంచాను. వెలుగు ఆగిపోయింది. ఆ రోజే తివాచీ మీద నడిపి చూశాను. అతుకులేవీ కదలలేదు, డబ్బా నిండింది.