గండికోట నుంచి యాగంటి దాకా, ఫొటోలకు అక్షాంశ రేఖాంశాలు

ప్రొద్దుటూరులో చీకటితోనే కారెక్కాం. సీటుబెల్టు పెట్టుకోకముందే ఫోన్‌లో జీపీఎస్ లాగర్ ఆన్ చేశాను. బావ ఓరకంట చూసి, "దావ నాకు తెలుసులే బావా, మ్యాపేం పెట్టబళ్లేదు" అన్నాడు. మా మేనత్త కొడుకు, హైస్కూల్లో సోషల్ అయ్యవారు. జిల్లాలో ఆయన ఎక్కని గుట్ట, వంగి చదవని శాసనం తక్కువ. దావ కోసం కాదు, ఫొటోల కోసం అన్నాను.

నా కెమెరా పాత డీఎస్ఎల్ఆర్. ఫొటో ఎప్పుడు తీసిందీ సెకన్లతో సహా రాసుకుంటుంది. ఎక్కడ తీసిందీ దానికి తెలియదు. ఫోన్‌కు ఎక్కడున్నామో తెలుసు గానీ, దూరంగా గోపురం మీదున్న బొమ్మను దగ్గరికి లాగి తీయమంటే దాని వల్ల కాదు. రెండింటికీ తెలిసిన సంగతి ఒకటే, టైము. ఫోన్ 15 సెకన్లకోసారి "ఈ టైముకు ఇక్కడున్నాను" అని ఒక జీపీఎక్స్ ఫైల్లో రాసుకుంటూ పోతుంది. రాత్రి లాజ్‌కు చేరాక లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఆ ఫైల్నీ ఫొటోల టైములనీ పక్కపక్కన పెట్టి చూసి, ఒక్కో ఫొటోలో ఎక్సిఫ్ అనే సమాచారపు భాగంలో అక్షాంశం, రేఖాంశం రాసేస్తుంది. ఇంతే విద్య.

కొత్త కెమెరాలైతే ఇంత తంటా లేదు. నికాన్ స్నాప్‌బ్రిడ్జ్, కెనాన్ కెమెరా కనెక్ట్ లాంటి యాప్‌లు బ్లూటూత్‌లో ఫోన్ లొకేషన్‌ను అప్పటికప్పుడే కెమెరాకు అందిస్తాయి. అయినా నేను ఫోన్ రాసుకునే ఆ జీపీఎక్స్ లాగ్‌నే ఎక్కువ నమ్ముతాను. కెమెరా నిద్రలోకి పోయి లేచినప్పుడల్లా బ్లూటూత్ మళ్లీ కలిసేలోపు మొదటి రెండు మూడు ఫొటోలు ఖాళీగా పోతుంటాయి. పైగా ఒక్క ట్రాక్, అంటే మనం పోయిన దారి రాసిన ఆ ఫైలు ఉంటే, కారులో ఎందరున్నా అందరి కెమెరాలకూ అదే పనికొస్తుంది.

జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ కోసం ఆగాం. అక్కడ ఇంకో పని ఉంది. ఫోన్ గడియారం నెట్‌వర్క్ నుంచో ఉపగ్రహాల నుంచో టైము తీసుకుంటుంది కాబట్టి సరిగ్గా ఉంటుంది. కెమెరా గడియారం మనం ఎప్పుడో పెట్టింది, నెలనెలా కొంచెం జరుగుతుంది. అందుకే సెకన్లు కనబడే గడియారాన్ని ఫోన్ తెర మీద పెట్టి, దాన్ని కెమెరాతో ఒక ఫొటో తీశాను. బజ్జీలు వేస్తున్న పిల్లోడు చూసి, "ఏమన్నా, ఓఎల్ఎక్స్‌లో పెడ్తాండావా? ఎంతకిస్తావు?" అన్నాడు. అంత పెద్ద కెమెరాతో ఫోన్‌కు ఫొటో తీస్తుంటే వాడికి మాత్రం ఇంకేం తోస్తుంది!

ఆ ఫొటోలో ఫోన్ చూపిస్తున్న టైముకూ, కెమెరా రాసుకున్న టైముకూ తేడా 1 నిమిషం 47 సెకన్లు. కెమెరా ముందుంది. నడుస్తున్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు గానీ, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారులోంచి తీసిన ఫొటో కిలోమీటరున్నర పైనే అవతలికి పోయి పడుతుంది. ఈ తేడా ప్రోగ్రాంకు చెబితే అదే సర్దుకుంటుంది. కెమెరా టైము మార్చాల్సిన పని కూడా లేదు.

గండికోటకు చేరేసరికి వెలుగొచ్చింది. వంకర తిరిగిన కోట ద్వారం దాటి, ఊరి ఇళ్ల మధ్య నుంచి నడిచి, మసీదు పక్కగా లోయ అంచుకు పోయాం. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుంటూ పోయిన చోటు అది. ఇటుకలు పేర్చినట్టున్న ఎర్రటి బండల మీద, ఎక్కడ కాలు పెట్టాలో చూసుకుంటూ కూర్చోవాలి. కంచె ఏమీ లేదు. కింద నీళ్లు కదులుతున్నాయో నిలిచున్నాయో పైనుంచి తెలియదు. అవతలి గోడ మీద ఎండ పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంటే, బండల పొరలు ఒక్కొక్కటే రంగు తేలుతూ వచ్చాయి. అరగంట సేపు ఎవరమూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే, ఫొటోల్లో ఆ లోతు రానే రాదు.

అక్కడ ఫోన్‌లో చూస్తే 14.81 డిగ్రీల ఉత్తరం, 78.28 డిగ్రీల తూర్పు. దశాంశం తర్వాత రెండంకెలతో ఆపితే ఆ చుక్క కిలోమీటరు అటూ ఇటూగా చెప్పినట్టు. అయిదంకెలు రాస్తే మీటరు దాకా. ఫోన్ అయిదేమిటి, ఏడంకెలు కూడా రాసేస్తుంది గానీ అంత సీన్ లేదు. ఆకాశం బాగా కనబడే చోట కూడా ఫోన్ జీపీఎస్ 5 మీటర్ల అటూ ఇటూగానే ఉంటుంది.

బావ లోయ అవతలి గోడను జూమ్ చేసి తీయమన్నాడు. తీసి, దీనికి పడే లొకేషన్ మనం నిలబడ్డ బండదేనని చెప్పాను.

"అవతలి గట్టు ఫొటోకు ఇవతలి గట్టు అడ్రసా? ఇదేం లెక్క బావా?"

అదే లెక్క మరి. జియోట్యాగ్, అంటే ఫొటోకు తగిలించిన లొకేషన్, చెప్పేది కెమెరా ఎక్కడుందో, బొమ్మ ఎక్కడుందో కాదు. ఏ దిక్కుకు చూస్తూ తీశామో రాసే గడి కూడా ఎక్సిఫ్‌లో ఉంది. కానీ దిక్సూచి లేని కెమెరా ఆ గడిని ఖాళీగానే వదిలేస్తుంది. కాసేపు ఆలోచించి బావ జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, "ఉత్తరం గట్టు" అని రాసుకున్నాడు. ఆ నోట్‌బుక్ నిండా అలాంటివే ఉన్నాయి: ఫలానా ఊరు, చెరువు కట్ట, తూముకు ఎడం పక్క, నిలువు రాయి. శాసనాలను రికార్డు చేసినవాళ్లు వందేళ్లకు పైగా ఇలాగే రాస్తూ వచ్చారు. తూము కూలిపోయినా, కట్ట జరిగినా ఆ రాయి ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాల్సిందే. అంకెలకు ఆ బాధ లేదు. అలాగని "తూముకు ఎడం పక్క" అన్నమాట అంకెల్లో దొరకదు. రెండూ కావాలి.

మధ్యాహ్నం దాకా కోటలోనే తిరిగాం. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, ధాన్యం కొట్టు, జైలు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండి బ్యాటరీ కరిగిపోతోందని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. "మరి లొకేషన్ ఎట్ల తెలుస్తాది?" అని బావ. జీపీఎస్‌కు నెట్‌తో పనిలేదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను ఫోన్ వింటుంది, తిరిగి ఏమీ పంపదు. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ముందే తెలిసి మొదటి లెక్క తొందరగా తేలుతుంది, అంతే. అసలు బెడద వేరే ఉంది. బ్యాటరీ మిగల్చాలని ఆండ్రాయిడ్ వెనక నడిచే యాప్‌లను చెప్పాపెట్టకుండా ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఈ ఒక్క లాగర్ యాప్‌కు ఆ ఆంక్ష తీసేయకపోతే, సాయంత్రానికి సగం దారి ఖాళీగా ఉంటుంది.

రాత్రి ట్రాక్‌ను మ్యాపు మీద పెట్టి చూస్తుంటే బావకు సరదా పుట్టింది. నడిచిన దారంతా చక్కగా గీత పడింది. మసీదు గోడల పక్కన, వరండాల కింద మాత్రం గీత అటూ ఇటూ దూకింది. రాతిగోడలకు తగిలి తిరిగొచ్చిన సంకేతం ఫోన్‌ను తికమక పెడుతుంది. ధాన్యం కొట్టు నీడలో కూర్చుని సంగటి మూట విప్పిన చోట కోడి గీరినట్టు గీతల మీద గీతలున్నాయి. మనం కదలకున్నా చుక్క కదులుతూనే ఉంటుంది.

పొద్దున 6:10కి తీసిన ఫొటోకు ట్రాక్‌లో 00:40 అని ఉండటం చూసి బావ కంగారుపడ్డాడు. జీపీఎక్స్ ఫైల్లో టైము గ్రీనిచ్ లెక్కన ఉంటుంది, మనది దానికి అయిదున్నర గంటలు ముందు. కెమెరాకు టైమ్ జోన్ తెలియదు కాబట్టి ఆ సంగతి ప్రోగ్రాంకు మనమే చెప్పాలి. ఇంకా వింత ఏమిటంటే ఎత్తు. కోట ఎత్తు ట్రాక్‌లో ఉండాల్సిన దానికన్నా 80, 90 మీటర్లు తక్కువ చూపిస్తోంది. ఫోన్ చెడిపోయిందనుకోనక్కర్లేదు. జీపీఎస్ భూమిని పైనా కిందా కాస్త నొక్కిన నునుపైన బంతిగా ఊహించి, ఆ ఊహాతలం నుంచి ఎత్తు కొలుస్తుంది. అసలు సముద్రమట్టం మన దక్షిణాదిలో ఆ తలానికి బాగా కిందికి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తక్కువున్న చోట ఆ పల్లం 106 మీటర్లు. కొన్ని యాప్‌లు ఆ తేడాను సర్ది రాస్తాయి, కొన్ని రాయవు. సర్దని యాప్‌తో చెన్నై బీచ్‌లో నిలబడితే మనం నీళ్లలో మునిగి ఉన్నట్టే చూపిస్తుంది.

మర్నాడు కొలిమిగుండ్ల వైపు. నాపరాళ్ల సీమ. చేలకు కంచెలు కూడా నిలువుగా పాతిన బండలే. బెలుం గుహలకు నేలలో ఉన్న పెద్ద గొయ్యిలోంచి దిగాలి. దిగిన కొన్ని అడుగులకే ఫోన్ చేతులెత్తేసింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి లోపల కొలతలు తీశారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. ఉపగ్రహం మాట వినబడని చోట మనిషి పాకి కొలిచిందే కొలత. లోపల ఉక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. కోటిలింగాల గది దాటి, 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగ దగ్గరికి చేరేసరికి కెమెరా లెన్సు మీద ఆవిరి, కళ్లజోడు మీద ఆవిరి. బావ సప్తస్వరాల గుహలో వేలితో రాయిని తట్టి తట్టి, ఏ స్వరమో తేల్చలేక వదిలేశాడు.

లోపల తీసిన ఫొటోల టైముకు ట్రాక్‌లో ఏమీ లేదు. ఇలాంటప్పుడు ప్రోగ్రాంలు రెండు చివరలనూ కలిపి మధ్యలో ఊహిస్తాయి. నేను వాడే ఎక్సిఫ్‌టూల్ మామూలుగా అరగంటకు మించిన ఖాళీని అలా పూరించదు. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది. తెలియని దాన్ని తెలిసినట్టు రాయడం కన్నా ఖాళీ మేలు. అందుకని గుహ ఫొటోలన్నిటినీ కలిపి మ్యాపులో ద్వారం దగ్గర చేత్తో పెట్టాను. లోపల ఏ గదో ఫొటో కింద మాటల్లో రాశాం.

బనగానపల్లె మీదుగా యాగంటి. కొండను ఆనుకుని గుడి, కోనేట్లో చల్లటి నీళ్లు, పైన గుహలు. బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని జనం నమ్మకం. బావ నా ఫోన్ వైపు చూసి, "దీంతో కొలుద్దామా ఏమి?" అన్నాడు. కోట ఎత్తునే 90 మీటర్లు తేడాగా చూపించిన దాంతో బసవన్నను కొలిస్తే, రంకె రేపే వినబడుతుంది అన్నాను.

తిరుగు దారిలో ఒక ఊరి బయట చేను గట్టున వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, కనబడింది. కత్తి పట్టుకున్న వీరుడు, పైన సూర్యచంద్రులు. మోకాలి లోతు దాకా రాయి చుట్టూ కొత్తగా తవ్విన మట్టి. పక్క చేనులో కలుపు తీస్తున్న ఆమె, "నిధి ఉంటాదని రేత్రిపూట తవ్వినార్నాయనా" అంది. సీమలో ఇది పాత రోగమే. గుప్తనిధుల పిచ్చిలో ఎన్ని నందుల్ని, ఎన్ని వీరగల్లుల్ని పగలగొట్టారో బావ దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు.

అప్పటిదాకా ప్రతి ఫొటోకూ లొకేషన్ ఉండాల్సిందేనని నేను చెప్పుకొచ్చాను. ఇప్పటికీ అదే అంటాను, కాకపోతే మన దగ్గరుండే కాపీకి. ఊరంతా పంచే కాపీకి కాదు. లంకమల అడవి కలివికోడికి పేరుపడింది. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న పక్షి 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. దాని ఫొటో ఎవరికైనా దొరికితే, మీటరు దాకా లొకేషన్‌తో నెట్లో పెట్టడం దానికి చేసే మేలు కాదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లొకేషన్ దానంతట అదే పోతుంది. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఉన్నదున్నట్టు వెళ్తుంది. క్వాలిటీ తగ్గకూడదని బావ అన్నీ డాక్యుమెంట్లుగానే పంపుతుంటాడు.

ఆ రాత్రి రెండు ఫోల్డర్లు చేశాం. ఒకటి అన్ని అంకెలతో, బావ హార్డ్ డిస్క్‌కు, రాళ్ల మీద పనిచేసేవాళ్లకు. రెండోది లొకేషన్ పూర్తిగా తీసేసి, మండలం పేరు మాత్రం రాసి, చరిత్ర గ్రూపుకు. వీరగల్లు ఫొటో పెట్టిన పది నిమిషాలకే ఎవరో, "సూపర్ సార్, ఎగ్జాక్ట్ లొకేషన్ పెట్టండి" అని అడిగారు.

బావ ఒక్క వేలితో టైపు చేశాడు: "ప్రొద్దుటూరికి రాండి, నేనే పిల్చుకొని పోతా."