త్రిభుజంలో 181 డిగ్రీలు: ప్యానెల్ మీద లెక్కలు చెప్పబోయి పడ్డ పాట్లు

మొన్న కాంప్లెక్స్ మీటింగ్‌లో, అంటే చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే సమావేశంలో, నేను చెప్పిన మోడల్ పాఠం సంగతి మండలంలో సగం మందికి తెలిసిపోయింది, ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు, అందుకని అసలు జరిగిందేంటో నేనే రాస్తున్నా. కోపం ఇంకా చల్లారలేదు, ఎక్కడైనా మాట జారితే సర్దుకోండి.

నేను జెడ్పీ హైస్కూల్లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌ని. సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకంలో మా బడికి ఇంటరాక్టివ్ ప్యానెల్స్, అంటే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు వచ్చాయి, గోడకి బిగించారు, ట్రైనింగ్ అని పిలిచి ఆన్ చేయడం ఆఫ్ చేయడం చూపించి టీ ఇచ్చి పంపారు. 2022 డిసెంబర్లో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ ట్యాబులు ఇచ్చారు, వాటిలో వీడియో పాఠాలున్నాయి. బాగానే ఉంటాయి, కాదనను, కానీ ప్రశ్న వాళ్లే వేసి జవాబు వాళ్లే చెప్పేసుకుంటారు, పిల్లలేమో సినిమాకొచ్చినట్టు కూర్చుంటారు. టెక్స్ట్‌బుక్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వం వాళ్ల దీక్షా యాప్‌లో వచ్చే వీడియోలదీ అదే తంతు. లెక్క చూస్తే వస్తుందా అండీ, చేస్తే కదా.

అందుకే నేను జియోజీబ్రా పట్టుకున్నా, తెర మీద బొమ్మలు గీసి లాగుతూ కోణాలు, కొలతలు ఎలా మారతాయో చూసుకునే లెక్కల సాఫ్ట్‌వేర్. పైసా కట్టక్కర్లేదు, ఒకసారి వేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన 2001లో సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుకుంటూ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. లాప్‌టాప్‌లో వేసుకోవడం పది నిమిషాల పని. ప్యానెల్‌కి తగిలించడమే కాస్త తిప్పలు పెట్టింది. హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే పెడితే బొమ్మ వస్తుంది గానీ పిల్లలు వేలు పెట్టి ఎంత లాగినా కదలదు, టచ్ పనిచేయాలంటే ప్యానెల్ నుంచి లాప్‌టాప్‌కి ఇంకో యూఎస్‌బీ కేబుల్ కూడా పెట్టాలి. ఈ ముక్క ట్రైనింగ్‌లో ఒక్కళ్లూ చెప్పలేదు, టీ మాత్రం రెండుసార్లు ఇచ్చారు.

ఇక మోడల్ పాఠం. ఏడో తరగతి, త్రిభుజంలో మూడు కోణాల మొత్తం. వెనక బెంచీల్లో మండలంలోని మ్యాథ్స్ టీచర్లంతా, ముందు కుర్చీలో పరిశీలనకి వచ్చిన సారు. త్రిభుజం గీశా, మూడు కోణాలు తెర మీద కనపడేట్టు పెట్టా, దశాంశాలు కూడుతూ కూర్చుంటే పీరియడ్ అయిపోతుందని రౌండింగ్ సున్నా దశాంశ స్థానాలకి పెట్టా, అంటే ప్రతి కోణాన్నీ దగ్గరి పూర్ణసంఖ్యగానే చూపిస్తుంది. ఒక పాప వచ్చి శీర్షం పట్టుకుని లాగుతోంది, మిగతావాళ్లు ఆగినచోటల్లా మూడు కోణాలూ నోట్‌బుక్‌లో రాసి కూడుతున్నారు. మొదట 180. మళ్లీ లాగింది, 180. మళ్లీ లాగేసరికి 60, 61, 60. ముందు వరసలోంచి ఒకడు లేచి "మేడం, 181 వచ్చింది" అన్నాడు. నాకైతే పండగే, ఎందుకంటే ఈ ప్రశ్న ఎవడో ఒకడు అడుగుతాడనే ఎదురుచూస్తున్నా.

కానీ నేను నోరు తెరిచే లోపు సారు అందుకున్నారు. "181 ఏంటమ్మా? పుస్తకంలో 180 అని ఉంది కదా. సాఫ్ట్‌వేర్ తప్పా, మీ పాఠం తప్పా?" వెనక నవ్వులు. "తప్పు కాదు సార్, రౌండింగ్ వల్ల, ఒక్క నిమిషం చూపిస్తాను" అన్నా. "వద్దమ్మా, పిల్లలు కన్ఫ్యూజ్ అవుతున్నారు, అది ఆపేసి చాక్‌పీస్ తీసుకుని మామూలుగా చెప్పండి" అన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసు నాది, అందరి ముందు ప్యానెల్ ఆపి, పక్కనున్న బోర్డు మీద త్రిభుజం గీసి "మూడు కోణాల మొత్తం 180" అని రాశా, పిల్లలు ఎక్కించుకున్నారు, సారు తల ఊపారు, ఫొటో తీశారు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఎవరో "181 మేడం" అన్నారు, దానికి నవ్వే బొమ్మలు వరసపెట్టి.

ఇందులో తప్పేముందో చెప్పండి. అసలు కోణాలు 59.6, 60.7, 59.7. కూడితే కచ్చితంగా 180. దగ్గరి పూర్ణసంఖ్యకి సవరిస్తే 60, 61, 60 అవుతాయి, అదే 181. కోణమానినితో కొలిచే రోజుల్లో ఒకడికి 178, ఇంకొకడికి 183 వచ్చేది, "సుమారుగా 180 రా" అని మనమే సర్దేసేవాళ్లం, అప్పుడు ఏ సారూ లేవలేదే. మెషిన్ చూపిస్తే మాత్రం నేరమైపోయింది.

మర్నాడు అదే క్లాసుకి అదే త్రిభుజం మళ్లీ పెట్టా, ఈసారి కుర్చీలో ఎవరూ లేరు. ముందు ఒక దశాంశ స్థానం చూపించి సంగతేంటో వాళ్ల చేతే చెప్పించా, తర్వాత మళ్లీ సున్నాకి మార్చి "179 తెప్పించండి, 181 తెప్పించండి, చేతనైతే 182 తెప్పించండి" అన్నా. 179 తొందరగానే దొరికింది, 59.4, 60.3, 60.3 లాంటివి పడితే చాలు. 182 కోసం బెల్లు కొట్టేదాకా కొట్టుకున్నారు. చివరికి వెనక బెంచీ అమ్మాయి "ఒక్కో కోణంలో తేడా అర డిగ్రీ దాటదు కదా మేడం, మూడింటికీ కలిపి ఒకటిన్నర, మరి 2 ఎక్కణ్ణుంచి వస్తుంది" అంది. ఏడో తరగతి అండీ! ఆ సారుకి ఈ మాట అర్థమయ్యేదో లేదో నాకు అనుమానమే. గొప్పలు అనుకున్నా పర్లేదు, ఇలాంటి పీరియడ్ మా మండలంలో ఇంకెవరు చెప్పారో చూపించమనండి.

మీరూ చేద్దామనుకుంటే ఒక జాగ్రత్త. జియోజీబ్రాలో కోణం టూల్‌తో మూడు బిందువులు నొక్కేటప్పుడు వరస తిరగబడితే 60కి బదులు 300 చూపిస్తుంది, శీర్షం లాగి ఎదుటి భుజాన్ని దాటించినా అంతే. కోణం సెట్టింగ్స్‌లో 0 నుంచి 180 మధ్యే చూపించు అని పెట్టేయండి, లేదంటే 181కే అంత గోల చేసినవాళ్లు 300 చూసి మెమో ఇస్తారు. భిన్నాలకి, పూర్ణసంఖ్యలకి కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే పిల్లలు తెర మీద కదిపి చూసుకునే బొమ్మలు, బాగుంటాయి, అవీ ఉచితమే, డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. కానీ పరిశీలన ఉన్న రోజు మాత్రం వీడియో వేసి పక్కన నిలబడండి, అందరూ సంతోషిస్తారు.

ఇప్పుడు మా వాళ్లు చతుర్భుజం మీద పడ్డారు, 360కి బదులు 362 తెప్పిస్తామంటున్నారు. అది వస్తుంది, కాకపోతే 89.5, 90.5 లాగా నాలుగు కోణాలూ సరిగ్గా అర దగ్గర ఆగాలి, వేలితో లాగితే అయ్యే పని కాదు, స్లైడర్లు, అంటే జరిపితే విలువ కచ్చితంగా మారే మీటలు, పెట్టి కట్టాలి. సోమవారం రెండో పీరియడ్‌లో చేయిస్తున్నా, కరెంటు ఉంటే.