పాఠ్యపుస్తకం చేతికివ్వని బడిలో పాఠం వెతుక్కోవడం

జే-1 వీసా (సాంస్కృతిక మార్పిడి కార్యక్రమాల వీసా) మీద అమెరికా బడుల్లో చేరిన మన టీచర్లకు మొదట కొరుకుడుపడని సంగతొకటుంది. చాలాచోట్ల ఏడాదంతా చెప్పడానికి ఒక పాఠ్యపుస్తకమంటూ ఇవ్వరు. ఏ నైపుణ్యాలు రావాలో జాబితా ఇస్తారు, చదివించేది మనమే వెతుక్కోవాలి.

వ్యాసాలు, పుస్తకాలు వెతుక్కునే ఆన్‌లైన్ డేటాబేస్‌లకు సొంత డబ్బు పెట్టకండి. జార్జియాలో గెలీలియో, టెక్సాస్‌లో టెక్స్‌క్వెస్ట్ లాంటి ఆన్‌లైన్ సేవలు బడులకు అందుబాటులో ఉన్నాయి. పాస్‌వర్డ్ బడి లైబ్రేరియన్‌ని అడగాలి. కొన్నిచోట్ల ఆ ఉద్యోగాన్ని మీడియా స్పెషలిస్ట్ అంటారు. పబ్లిక్ లైబ్రరీ కార్డూ తీసుకోండి. పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకెళ్తే సాధారణంగా పని జరగదు, చిరునామా రుజువుకు అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో అడుగుతారు.

పరిశోధన వ్యాసాలకు అమెరికా విద్యాశాఖ నడిపే ఎరిక్ అనే డేటాబేస్ చాలు, ఉచితం. ప్రశ్నను వాక్యంలా టైపు చేస్తే సంబంధం లేనివన్నీ వచ్చిపడతాయి. దాని థెసారస్‌లో (విషయాల పదాల జాబితాలో) సరైన పదం పట్టుకుని, పీర్ రివ్యూడ్ (నిపుణులు పరిశీలించినవి), ఫుల్ టెక్స్ట్ (పూర్తి పాఠం ఉన్నవి) గడులు టిక్ చేయండి. ఈజే నంబరున్నవి పత్రికా వ్యాసాలు, ఫుల్ టెక్స్ట్ టిక్ తీసేసి చూస్తే వాటిలో చాలావాటికి సారాంశమే దొరుకుతుంది. అప్పుడు శీర్షికను కోట్స్‌లో పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతికి, 'ఆల్ వెర్షన్స్' నొక్కితే రచయిత పెట్టిన ఉచిత ప్రతి ఒక్కోసారి బయటపడుతుంది.

అసలు చిక్కు లెక్సైల్ అంకెతో. పాఠం చదవడానికి ఎంత కష్టమో, పిల్లవాడు ఎంతవరకు చదవగలడో చెప్పే కొలత ఇది, అంకె పక్కన ఎల్ అని ఉంటుంది. చాలా రాష్ట్రాలు పాటించే కామన్ కోర్ ప్రమాణాల ప్రకారం 4-5 తరగతుల పాఠాలకు 740ఎల్ నుంచి 1010ఎల్. ఈ కొలత చూసేది వాక్యాల పొడవు, పదాలు ఎంత తరచుగా వాడుకలో ఉన్నాయన్నది. విషయం ఏ వయసువాళ్లదో దానికి పట్టదు. ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్న ఎనిమిదో తరగతి కుర్రాడికి 450ఎల్ వచ్చిందని రెండో తరగతి బొమ్మల పుస్తకం ఇస్తే మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోడూ మరి! అంకె ముందు హెచ్‌ఎల్ అని ఉన్నవి చూడండి: పెద్ద పిల్లలకు నచ్చే విషయం, తేలిక భాష. ఏడీ అని ఉంటే పెద్దవాళ్లు చదివి వినిపించాల్సినవి. న్యూసెలా వెబ్‌సైట్‌లో ఒకే వార్త ఐదు స్థాయుల్లో దొరుకుతుంది కాబట్టి క్లాసంతా ఒకే విషయం మాట్లాడుకోవచ్చు. చదివించే పాఠాలిచ్చే రీడ్‌వర్క్స్, కామన్‌లిట్ వెబ్‌సైట్లు ఉచితం. రెండోది మూడో తరగతి నుంచి పనికొస్తుంది.

అంకె తగ్గించాలని వాక్యాలను మీరే ముక్కలు చేయకండి. 'వాన పడలేదు కాబట్టి పంట ఎండింది' అన్నదాన్ని రెండు చేస్తే అంకె దిగుతుంది, 'కాబట్టి' ఎగిరిపోతుంది. కారణమేమిటని పరీక్షలో అడిగితే ఆ పిల్లవాడికి చూసుకోవడానికి పాఠంలో ఏమీ మిగలదు.