హిమోగ్లోబిన్ 7.5

“నెలసరిలో ఇంతింత రక్తం పోవడం ఆడోళ్ళకి మామూలేగా మేడమ్?” ఈ పొద్దు కావలిలో ఓపీ చీటీ పట్టుకుని ఒకామె అడిగిన మాట. రిపోర్టులో హిమోగ్లోబిన్ 7.5. కనీసం 12 ఉండాలి.

మామూలు కాదమ్మా. గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోవడం, రెండు రూపాయల బిళ్ళంత గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, ప్యాడ్ మార్చుకోడానికి అర్ధరాత్రి లేవాల్సి రావడం... వీటిలో ఏ ఒక్కటున్నా డాక్టరుకి చూపించుకోవాలి. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా తడుస్తూ కళ్ళు తిరుగుతున్నా, గుండె దడగా ఉన్నా, గర్భం అనుమానమున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

వెళ్ళేముందు ఏ తేదీన మొదలైంది, రోజుకెన్ని ప్యాడ్లు, గడ్డలెంత, అన్నీ క్యాలెండర్ మీదే రాసిపెట్టుకోండి. చాలామంది “బాగా ఎక్కువండీ” అని ఊరుకుంటారు, దాంతో డాక్టరుకి ఏం తెలుస్తుంది? గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని కణితులు), థైరాయిడ్, రక్తం గడ్డకట్టడంలో లోపం, కారణం ఏదైనా కావొచ్చు. అందుకే రక్తపరీక్ష, స్కానింగ్.

పక్కింటామె వాడిందని రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్ళలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. ఇదివరకు కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళకి అది ప్రమాదం.

హిమోగ్లోబిన్ పెరగడానికి డాక్టరు ఇచ్చే ఐరన్ బిళ్ళ టీతో, పాలతో వద్దు. ఒంటికి పట్టదు. రెండు గంటలు ఎడమిచ్చి నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, అది బిళ్ళ వల్లే. హిమోగ్లోబిన్ 12కి చేరాక కూడా డాక్టరు చెప్పినట్టు ఇంకో మూడు నెలలు వాడాలి. ఓపిక వచ్చిందని మధ్యలో మానేస్తారు, మళ్ళీ నీరసం మొదలవుతుంది.